జర్మనీలో ఉద్యోగ రక్షణ: హక్కు ఉంది, దానికో గడువూ ఉంది

ఉద్యోగం నుంచి తీసేస్తున్నామన్న ఉత్తరం చేతికందాక 3 వారాలు. జర్మనీలో పనిచేసేవాళ్లు మరేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ 3 వారాల్లోపు కార్మిక న్యాయస్థానంలో దావా పడకపోతే, కంపెనీ చెప్పిన కారణం ఎంత బలహీనమైనదైనా సరే, ఆ తొలగింపు మొదటి నుంచీ చెల్లినట్టేనని చట్టమే అంటుంది. ఆ తర్వాత ఎంత మంచి లాయరును పట్టుకున్నా చేయగలిగింది చాలా తక్కువ.

జర్మనీలో ఒకసారి ఉద్యోగం వచ్చిందంటే తీసేయడం కష్టమనే మాట అక్కడికి వెళ్లేవాళ్ల చెవిన ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది. అందులో నిజం ఉంది, కానీ సగమే. తీసేయడం కష్టమయ్యేది ఉద్యోగి నిలబడి అడిగినప్పుడు, అదీ గడువులోపు, చట్టం చెప్పిన పద్ధతిలో అడిగినప్పుడు. అడగనివాళ్ల తరఫున ఏ అధికారీ వచ్చి కంపెనీ తలుపు తట్టడు. ఈ వ్యవస్థ హక్కును ఉద్యోగి చేతికిచ్చి, వాడుకునే పనిని చాలామటుకు వాళ్లకే వదిలేస్తుంది. భాష పూర్తిగా రాక, అడగడానికి దగ్గరివాళ్లు లేక, నివాస అనుమతి ఏమవుతుందోనన్న బెంగలో ఉన్న విదేశీ ఉద్యోగులే ఇక్కడ ఎక్కువగా నష్టపోతారు. అందుకే ఈ చిక్కుముడిని విప్పి చెప్పాలనిపించింది.

చట్టం ఒకచోట లేదు

మొదటి చిక్కు, జర్మనీకి కార్మిక చట్టమంటూ ఒకే పుస్తకం లేకపోవడం. 1990లో రెండు జర్మనీలు కలిసినప్పుడు కుదిరిన ఏకీకరణ ఒప్పందంలో, ఉద్యోగ ఒప్పందాల చట్టాన్నంతా ఒకచోట చేర్చాలని రాసుకున్నారు. అది ఇప్పటికీ జరగలేదు. నోటీసు గడువులు పౌర స్మృతిలో ఉంటాయి. తొలగింపు నుంచి రక్షణ 1951 నాటి చట్టంలో, సెలవులు 1963 నాటి చట్టంలో, పని గంటలు 1994 నాటి చట్టంలో, వివక్షకు సంబంధించినవి 2006 నాటి చట్టంలో ఉంటాయి. వీటన్నిటి మీదా యూరోపియన్ యూనియన్ నిబంధనలు, వీటికి అర్థం చెబుతూ ఎర్‌ఫుర్ట్ నగరంలోని ఫెడరల్ కార్మిక న్యాయస్థానం ఇచ్చిన తీర్పులు ఉంటాయి. చట్టం అక్షరాల్లో కనిపించనిది తీర్పుల్లో ఉండటం అక్కడ మామూలే.

చట్టం కింద ఇంకో మెట్టు ఉంది. దాన్ని తారీఫ్‌ఫెర్ట్రాగ్ అంటారు. ఒక రంగంలోని కార్మిక సంఘం, ఆ రంగంలోని యజమానుల సంఘం కూర్చుని చేసుకునే సామూహిక ఒప్పందం అది. పశ్చిమ జర్మనీ లోహ, విద్యుత్ పరిశ్రమల్లో 1995 నుంచి వారానికి 35 గంటల పని ఉందంటే, అది పార్లమెంటు ఇచ్చింది కాదు, ఐజీ మెటాల్ సంఘం బేరమాడి సాధించుకున్నది. దాని కింద, ఒక్కో సంస్థలో ఉద్యోగుల ప్రతినిధి మండలితో యాజమాన్యం చేసుకునే అంతర్గత ఒప్పందాలు. అన్నిటికన్నా కింద మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టు.

మామూలు సూత్రం ఏమిటంటే, కింది మెట్టు పై మెట్టు కన్నా ఉద్యోగికి ఎక్కువ ఇవ్వచ్చు, తక్కువ ఇవ్వకూడదు. చట్టం స్వయంగా సందు వదిలినచోట సామూహిక ఒప్పందాలకు కొన్ని మినహాయింపులున్నాయి. కాబట్టి కాంట్రాక్టులో ఉన్నంత మాత్రాన ప్రతి వాక్యం చెల్లదు. ఓవర్‌టైమ్ ఎంతైనా జీతంలోనే కలిసి ఉందనే వాక్యం చాలా కాంట్రాక్టుల్లో కనిపిస్తుంది. ఎన్ని గంటలో చెప్పకుండా గుండుగుత్తగా రాసిన అలాంటి షరతు అస్పష్టమైనదని, అది ఉద్యోగిని కట్టిపడేయదని న్యాయస్థానాలు ఎప్పుడో తేల్చాయి. అయితే బాగా పెద్ద జీతాలున్నవాళ్లు ఆ గంటలకు విడిగా డబ్బు వస్తుందని ఆశించడం కష్టం.

దీనికి ఎదురుగా, చిన్న అక్షరాల్లో కనిపించి నిజంగా చెల్లే షరతు ఒకటుంది. రావలసిన డబ్బేదైనా 3 నెలల్లోపు రాతపూర్వకంగా అడగకపోతే ఆ హక్కు పోతుందనేది. కాంట్రాక్టు చివరి పేజీల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. బోనస్ బాకీ, ఓవర్‌టైమ్ బాకీ, రీయింబర్స్‌మెంట్ బాకీ ఏడాది తర్వాత అడుగుదాంలే అనుకున్నవాళ్లకు అప్పుడు ఈ పేజీ కనబడుతుంది. చట్టం నిర్ణయించిన కనీస వేతనాన్ని మాత్రం ఇలాంటి షరతు తాకలేదు. ఆ కనీస వేతనం 2015లో గంటకు 8.50 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి 13.90 యూరోలకు చేరింది.

మొదటి 6 నెలలు వేరే లోకం

రక్షణ చట్టం వర్తించాలంటే రెండు షరతులు. ఆ సంస్థలో 6 నెలలు నిండి ఉండాలి. అక్కడ 10 మంది కంటే ఎక్కువ ఉద్యోగులుండాలి. పార్ట్‌టైమ్‌వాళ్లను ఈ లెక్కలో సగంగానో ముప్పావుగానో కలుపుతారు. ఈ రెండింటిలో ఏది లేకపోయినా, తీసేయడానికి యజమాని కారణం చూపించి నిరూపించాల్సిన పని లేదు. 8 మందితో నడిచే స్టార్టప్‌లో నాలుగేళ్లు పనిచేసినా ఈ చట్టం అండ దొరకదు.

ఇక్కడ రెండు విషయాలను చాలామంది ఒకటే అనుకుంటారు. కాంట్రాక్టులో రాసే ప్రొబేషన్, అంటే ప్రోబెత్సైట్, నోటీసు గడువుకు సంబంధించింది. ఆ కాలంలో ఇరువైపులా 2 వారాల నోటీసు చాలు. చట్టరక్షణకు కావలసిన 6 నెలల నిరీక్షణ దానికి సంబంధం లేకుండా దానంతటది నడుస్తుంది. మాకు ప్రొబేషన్ లేదు, మొదటి రోజు నుంచే పర్మనెంట్ అని హెచ్‌ఆర్ చెబితే సంతోషమే. దానివల్ల నోటీసు గడువు పెరుగుతుంది తప్ప మొదటి నెలలోనే తొలగింపు నుంచి రక్షణ వచ్చేయదు.

ప్రొబేషన్ దాటాక మూల గడువు 4 వారాలు. అదీ నెల 15వ తేదీకో నెలాఖరుకో ముగిసేలా లెక్కగట్టాలి. తర్వాత సర్వీసు పెరిగేకొద్దీ యజమాని ఇవ్వాల్సిన నోటీసు పెరుగుతుంది. 2 ఏళ్లకు 1 నెల, 5 ఏళ్లకు 2 నెలలు, 10 ఏళ్లకు 4, 20 ఏళ్లకు 7. చాలా కాంట్రాక్టుల్లో ఈ పెరుగుదలను ఉద్యోగికి కూడా సమంగా వర్తింపజేస్తారు. రేపే ఇంకో ఉద్యోగంలో చేరదామంటే కుదరకపోవడానికి కారణం అదే. ఐటీలో 3 నెలల నోటీసు సాధారణం.

ఒక గడువు వరకే ఇచ్చే ఉద్యోగాల గురించి చిన్న మాట. ఏ కారణం చెప్పకుండా కాలపరిమితి పెట్టాలంటే గరిష్ఠంగా 2 ఏళ్లు, ఆలోపు 3 పొడిగింపులు. ఆ పరిమితి మీద పని మొదలుకాకముందే ఇరువైపులా కాగితం మీద సంతకాలు, లేదా చట్టం గుర్తించిన అత్యున్నత స్థాయి డిజిటల్ సంతకాలు పడాలి. స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపిన సంతకంతో సరిపెడితే ఆ కాలపరిమితి చెల్లదు. ఉద్యోగం శాశ్వతమైనట్టే లెక్క. ఇది తేల్చుకోవడానికి కూడా దావా వేయాలి, పరిమితి ముగిసిన 3 వారాల్లోపే.

తీసేయడమంటే కాగితం, సంతకం, కారణం

తొలగింపు నోటి మాటతో జరగదు. ఈమెయిల్‌తో, వాట్సాప్ సందేశంతో, పీడీఎఫ్‌తో జరగదు. అధికారం ఉన్నవారు సిరాతో సంతకం పెట్టిన కాగితం ఉద్యోగికి అందాలి. ఉద్యోగి రాజీనామాకూ ఇదే నియమం. కోపంలో మేనేజరుకు ఇక నేను రానని ఈమెయిల్ పెడితే అది రాజీనామా కాదు.

అందడమంటే చదవడం కాదు, ఇది బాగా గమనించాలి. ఉత్తరాన్ని మీ ఇంటి పోస్టుబాక్సులో, మామూలుగా ఉత్తరాలు తీసుకునే వేళకు వేసేస్తే అందినట్టే. మీరు సెలవు మీద స్వదేశానికి వెళ్లి ఉన్నా 3 వారాల గడియారం అక్కడ తిరుగుతూనే ఉంటుంది. తప్పు మీది కాదని చూపించగలిగితే ఆలస్యంగా వేసిన దావాను న్యాయస్థానం అనుమతించే దారి ఉంది. అయినా దాని మీద ఆధారపడకుండా, ఊళ్లో లేనప్పుడు పోస్టుబాక్సు చూసే మనిషిని ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఇక కారణం. చట్టం 3 రకాలనే ఒప్పుకుంటుంది. మొదటిది, మనిషికి సంబంధించినది. దీర్ఘకాల అనారోగ్యం, పని అనుమతి పోవడం లాంటివి ఇందులోకి వస్తాయి. సిక్ లీవ్‌లో ఉన్నవాళ్లను తీసేయకూడదనే నమ్మకం బలంగా ఉంది కానీ, చట్టంలో అలాంటి నిషేధం లేదు. రెండోది, ప్రవర్తనకు సంబంధించినది. ఇందులో సాధారణంగా ముందు రాతపూర్వక హెచ్చరిక, ఆబ్‌మానుంగ్, ఇవ్వాలి. మూడు హెచ్చరికలు కావాలనేది అపోహ, తీవ్రతను బట్టి ఒక్కటే చాలవచ్చు. మూడోది, సంస్థ అవసరాలకు సంబంధించినది. పని తగ్గడం, విభాగం మూతపడటం లాంటివి.

మూడో రకంలో, ఒకే తరహా పని చేసే పదిమందిలో ఎవరిని తీయాలో మేనేజరు ఇష్టానికి వదలరు. సర్వీసు, వయసు, పోషించాల్సిన కుటుంబం, తీవ్ర వైకల్యం అనే 4 ప్రమాణాలతో తూచాలి. నిన్న చేరిన పెళ్లికాని పాతికేళ్ల యువకుడి పనితీరు ఎంత బాగున్నా, పదిహేనేళ్ల సర్వీసుతో ఇద్దరు పిల్లలున్న సహోద్యోగి కంటే అతనే ముందు బయటికి వెళ్లాలి. కీలకమైన నైపుణ్యమున్నవాళ్లను ఈ లెక్కలోంచి తప్పించే వీలు కంపెనీకి కొంత ఉంది. పనితీరే కొలమానమనుకుని పెరిగినవాళ్లకు ఈ పద్ధతి మింగుడుపడదు. ఉద్యోగం పోతే ఎవరు తిరిగి లేవలేరో చూసి నిర్ణయించాలన్న ఆలోచన దీని వెనకుంది. నాకది గౌరవించదగ్గ ఆలోచనగానే కనిపిస్తుంది.

జర్మన్ న్యాయస్థానాలు ఎలా ఆలోచిస్తాయో ఒక కేసు చూస్తే తెలుస్తుంది. బెర్లిన్‌లో ఒక సూపర్‌మార్కెట్ క్యాషియర్‌ను 2008లో పనిలోంచి తీసేశారు. కస్టమర్లు పోగొట్టుకున్న, ఖాళీ సీసాలు వాపసిస్తే డిపాజిట్ డబ్బు కోసం ఇచ్చే, మొత్తం 1.30 యూరోల విలువైన రసీదులు రెండింటిని ఆమె సొంతానికి వాడుకుందన్నది ఆరోపణ. అప్పటికి 30 ఏళ్లకు పైగా అక్కడే పనిచేసింది. కింది రెండు న్యాయస్థానాలు కంపెనీ పక్షమే తీర్పిచ్చాయి. 2010 జూన్ 10న ఫెడరల్ కార్మిక న్యాయస్థానం ఆ తొలగింపు చెల్లదంది. తప్పు జరగలేదని కాదు. అన్నేళ్లు మచ్చ లేకుండా పనిచేసి కూడబెట్టుకున్న నమ్మకం ఒక్క తప్పుతో పూర్తిగా కరిగిపోదని, హెచ్చరిక సరిపోయేదని ఆ తీర్పు చెప్పింది. అప్పటి నుంచి చిన్న మొత్తాల కేసుల్లో ఈ తీర్పు ప్రస్తావన రాకుండా ఉండదు. అలాగని చిన్న దొంగతనమైతే పర్వాలేదని అర్థం చేసుకోకూడదు. కొత్తగా చేరినవాళ్ల విషయంలో ఇదే తూకం మరోవైపుకు మొగ్గవచ్చు.

పరిహారం ఎందుకు ఇస్తారు

తీసేస్తే పరిహారం చట్టప్రకారం వస్తుందని చాలామంది నమ్మకం. అలాంటి సాధారణ హక్కేమీ లేదు. మరి ఇన్ని కంపెనీలు ఎందుకు ఇస్తున్నాయి? ఇక్కడే మొత్తం వ్యవస్థ మర్మం ఉంది.

ఉద్యోగి గడువులోపు దావా వేశాడనుకుందాం. కేసు ఒక ఏడాది నడిచింది. చివరికి తొలగింపు చెల్లదని తేలితే, ఉద్యోగం అసలు ఆగనే లేదన్నమాట. ఆ కాలానికి జీతం కంపెనీ కట్టాలి, మనిషిని వెనక్కి తీసుకోవాలి. ఈ ముప్పు ఎంత పెద్దదైతే, ఇప్పుడే ఇంత ఇచ్చేస్తాం, కేసు ముగిద్దాం అనే మాట అంత త్వరగా వస్తుంది. కాబట్టి పరిహారం అనేది దావాలోని బలానికి పలికే ధర. ప్రతి ఏడాది సర్వీసుకు సగం నెల జీతం అనే లెక్క అందరి నోటా వినిపిస్తుంది. చట్టంలో ఒకచోట ఉన్నదే అది, కానీ కంపెనీ తనంతట తానే ఆ ప్రతిపాదన చేసిన సందర్భానికి మాత్రమే. మిగతా అన్నిచోట్లా అది బేరానికి మొదటి అంకె మాత్రమే. కంపెనీ కారణం బలంగా ఉంటే అంతకన్నా తక్కువ, బలహీనంగా ఉంటే బాగా ఎక్కువ.

ఈ బేరం జరిగే చోటు చాలాసార్లు న్యాయస్థానమే. దావా పడిన కొద్ది వారాల్లో రాజీ విచారణ పెడతారు. ఒక న్యాయమూర్తి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, కేసు ఎటు మొగ్గుతోందో సూచనగా చెప్పి, ఒప్పందానికి వస్తారేమో చూస్తారు. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి. కుదరకపోతే తర్వాతి విచారణలో న్యాయమూర్తితో పాటు ఇద్దరు గౌరవ న్యాయమూర్తులు కూర్చుంటారు. ఒకరు యజమానుల వైపు నుంచి, ఒకరు ఉద్యోగుల వైపు నుంచి వచ్చినవాళ్లు.

ఇప్పుడే సంతకం పెట్టమంటే

జర్మన్ కంపెనీలు మనుషుల్ని పంపించేటప్పుడు నేరుగా తొలగింపు ఉత్తరం కన్నా ముందు వాడే సాధనం ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్, అంటే పరస్పర అంగీకారంతో ఉద్యోగాన్ని ముగించే ఒప్పందం. మీటింగుకు పిలుస్తారు. మర్యాదగా మాట్లాడతారు. కాగితం ముందు పెడతారు. దాని మీద సంతకం పడితే చట్టరక్షణ, నోటీసు గడువు, ప్రతినిధి మండలి అభిప్రాయం, అన్నీ పక్కకు పోతాయి. మీరే ఒప్పుకున్నారు కాబట్టి.

ఇంటికెళ్లి ఆలోచిస్తే మనసు మారిందనుకోండి, వెనక్కి తీసుకునే హక్కు లేదు. ఆన్‌లైన్‌లో కొన్న చొక్కాను 14 రోజుల్లో వాపసు ఇవ్వచ్చు, ఈ సంతకాన్ని మాత్రం ఇవ్వలేరు. 2019 ఫిబ్రవరిలో ఫెడరల్ కార్మిక న్యాయస్థానం, నిస్సహాయ స్థితిని వాడుకుని చేయించిన ఒప్పందం న్యాయమైన బేరం కాదని, అలాంటిది చెల్లకపోవచ్చని చెప్పింది. సరిగ్గా మూడేళ్లకు, ఇప్పటికిప్పుడు సంతకం పెట్టాలని పట్టుబట్టడం ఒక్కటే అన్యాయమైన ఒత్తిడి కిందికి రాదని కూడా చెప్పింది. అంటే గది లోపల మిమ్మల్ని కాపాడేది మీరు చెప్పే ఒక్క మాటే: చదువుకుని, సలహా తీసుకుని చెబుతాను. ఈ మాట జర్మనీలో అమర్యాద కాదు. హెచ్‌ఆర్‌వాళ్లు రోజూ వినే మాటే.

నష్టం అక్కడితో ఆగదు. నిరుద్యోగ బీమా కింద, గత 30 నెలల్లో కనీసం 12 నెలలు చందా కట్టి ఉంటే, నికర జీతంలో సుమారు 60 శాతం, పిల్లలుంటే 67 శాతం వస్తుంది. తమంతట తాము మానేసినవాళ్లకూ, ముగింపు ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లకూ సాధారణంగా 12 వారాలు ఆ డబ్బు ఆపేస్తారు. అది వాయిదా కాదు, మొత్తం కాలంలో కనీసం పావు వంతు కోతపడుతుంది. దీనికి మినహాయింపులున్నాయి, ఒప్పందాన్ని ఎలా రాశారన్న దాన్ని బట్టి అవి వర్తిస్తాయి. కాబట్టి సంతకానికి ముందే ఒక లాయరు చూడాలి. ఉద్యోగం ముగుస్తుందని తెలిసిన 3 రోజుల్లోపు ప్రభుత్వ ఉపాధి సంస్థలో పేరు నమోదు చేసుకోవాలనే నియమమూ ఉంది. ముగింపుకు ఇంకా 3 నెలలకు మించి సమయం ఉంటే, ఆ 3 నెలలు మొదలయ్యేలోపు చేసుకుంటే చాలు.

హెచ్‌ఆర్ ఒకవైపు, బెట్రీబ్స్‌రాట్ మరోవైపు

విదేశాల నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా వాడుకోని వనరు బెట్రీబ్స్‌రాట్, అంటే ఉద్యోగులు ఎన్నుకునే ప్రతినిధి మండలి. దీన్ని కార్మిక సంఘంతో కలిపేయకూడదు. సంఘంలో సభ్యత్వం కొనుక్కోవాలి. ఇది మాత్రం ఆ సంస్థలో పనిచేసే అందరిదీ. 1920లో మొదటి చట్టం వచ్చింది, నాజీలు రద్దుచేశారు, యుద్ధం తర్వాత 1952లో మళ్లీ తెచ్చారు, 1972లో ఇప్పటి రూపానికి మార్చారు. 5 మంది శాశ్వత ఉద్యోగులున్న చోట ఏర్పాటు చేసుకోవచ్చు. ఓటు వేయడానికి జర్మన్ పౌరసత్వం అక్కర్లేదు, 16 ఏళ్లు నిండితే చాలు. 6 నెలలు పనిచేసిన 18 ఏళ్లవాళ్లెవరైనా పోటీ చేయవచ్చు. నాలుగేళ్లకోసారి మార్చి నుంచి మే లోపు ఎన్నికలు జరుగుతాయి.

దీని అధికారం తక్కువది కాదు. ఉద్యోగుల పనిని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా, పని వేళలు మార్చాలన్నా, ఓవర్‌టైమ్ చేయించాలన్నా మండలి ఒప్పుకోవాలి. ప్రతి తొలగింపుకూ ముందు దాని అభిప్రాయం అడగాలి, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ల విషయంలో కూడా. అడగకుండా ఇచ్చిన తొలగింపు చెల్లదు. మండలి వద్దన్నా కంపెనీ ముందుకెళ్లవచ్చు. కానీ సరైన కారణంతో అభ్యంతరం చెప్పి ఉంటే, కేసు తేలేవరకూ పనిలో కొనసాగించమని అడిగే హక్కు ఉద్యోగికి వస్తుంది. జీతం గురించో పనితీరు గురించో మాట్లాడే మీటింగుకు మండలి సభ్యుల్లో ఒకరిని వెంట తీసుకెళ్లవచ్చు.

హెచ్‌ఆర్ అంటే సమస్యలన్నీ చెప్పుకునే చోటని అనుకోవడం సహజం. హెచ్‌ఆర్‌లో మంచి మనుషులు చాలామంది ఉంటారు, కానీ వాళ్ల బాధ్యత యజమాని పక్షాన నియమాలు పాటించడం. ఉద్యోగి పక్షాన ఆలోచించే బాధ్యత చట్టం మండలికిచ్చింది. మండలికి వెళ్లడమంటే కంపెనీ మీద ఫిర్యాదు చేయడం అనుకుని వెనకాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అక్కడ అది ఆఫీసు పనుల్లో ఒకటి. దాని సభ్యులకు ఆ సమయానికి జీతం ఇచ్చేది కూడా కంపెనీయే. 200 మందికి పైగా ఉన్న సంస్థల్లో కనీసం ఒకరు పూర్తికాలం ఇదే పని చేస్తారు.

పెద్ద కంపెనీల్లో ఈ భాగస్వామ్యం ఇంకా పైకి వెళుతుంది. 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీ పర్యవేక్షక బోర్డులో సగం స్థానాలు ఉద్యోగుల ప్రతినిధులవి. 2024 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకుంటామని సంఘంతో ఒప్పందం చేసుకున్నప్పుడు, బలవంతపు తొలగింపులు లేకుండా చేస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. అంత బలం లేనిచోట, ముఖ్యంగా మండలే ఏర్పడని చిన్న టెక్ కంపెనీల్లో, ఉద్యోగులు ఒంటరిగా నిలబడాలి. ఉద్యోగంలో చేరేముందు మీ దగ్గర బెట్రీబ్స్‌రాట్ ఉందా అని అడగడం మంచి ప్రశ్న.

సెలవు, జబ్బు, గంటలు

వీటిలో గందరగోళం తక్కువ. వారానికి 5 రోజుల పనికి చట్టం ఇచ్చే కనీస సెలవు 20 రోజులు, చాలా కంపెనీలు 28, 30 ఇస్తాయి. సెలవులో ఉండగా జబ్బుపడితే, డాక్టరు పత్రం ఉన్న రోజులు సెలవులోంచి పోవు. వాడుకోని సెలవులు ఏడాది చివర మురిగిపోతాయన్న పాత పద్ధతి 2019లో మారింది. ఇన్ని రోజులు మిగిలాయి, వాడుకోకపోతే పోతాయి అని కంపెనీ ముందుగా చెప్పి ఉంటేనే చట్టబద్ధమైన సెలవు రద్దవుతుంది.

జబ్బు చేస్తే 6 వారాల వరకు పూర్తి జీతం కంపెనీ ఇస్తుంది, ఉద్యోగంలో చేరి 4 వారాలు దాటి ఉండాలి. తర్వాత ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నవాళ్లకు ఆ బీమా సంస్థ, స్థూల జీతంలో 70 శాతం లెక్కన ఇస్తుంది. ఏం జబ్బో కంపెనీకి చెప్పనక్కర్లేదు, యజమానికి చేరే సమాచారంలో అది ఉండదు. పని రోజుకు 8 గంటలు. తర్వాత తగ్గించి సగటును 8కే తెస్తే 10 వరకు పోవచ్చు. రెండు రోజుల పని మధ్య 11 గంటల విరామం తప్పనిసరి. పని గంటలు నమోదు చేయాల్సిన బాధ్యత యజమానులదేనని ఫెడరల్ కార్మిక న్యాయస్థానం 2022 సెప్టెంబరులో చెప్పింది.

గర్భిణులకు రక్షణ ఇంకా గట్టిది. కాన్పుకు 6 వారాల ముందు నుంచి 8 వారాల తర్వాత వరకు విరామం. గర్భం మొదలు కాన్పయిన 4 నెలల దాకా, ప్రభుత్వాధికారి అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేదు. ఇది ప్రొబేషన్‌లోనూ వర్తిస్తుంది. ఇంటర్వ్యూలో గర్భం గురించి అడగడమే తప్పు. అడిగితే నిజం చెప్పాల్సిన బాధ్యత కూడా లేదు.

మెచ్చుకోలులో దాగిన మార్కులు

ఉద్యోగం వదిలేటప్పుడు ఆర్బైట్స్‌త్సోయిగ్నిస్ అనే పనితీరు పత్రం అడిగి తీసుకునే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది. తర్వాతి ఉద్యోగానికి దీన్ని నిజంగా చూస్తారు. అది నిజాయితీగానూ ఉండాలి, ఉద్యోగి భవిష్యత్తుకు అడ్డుపడకుండానూ ఉండాలని న్యాయస్థానాలు అంటాయి. ఈ రెండిటి మధ్య నలిగి దశాబ్దాల్లో ఒక రహస్య మార్కుల పద్ధతి పుట్టింది. పైకి అన్నీ పొగడ్తలే. ఎప్పుడూ మాకు సంపూర్ణమైన తృప్తి కలిగేలా పనిచేశారని, అందులోనూ అత్యున్నత పదంతో రాస్తే మొదటి ర్యాంకు. అత్యున్నత పదం లేకపోతే రెండోది. 'ఎప్పుడూ' కూడా లేకుండా పూర్తి తృప్తి అంటే మూడోది. ఉత్త తృప్తి అంటే నాలుగోది. కష్టపడి ప్రయత్నించారు అని ఉంటే పని చేతకాలేదని అర్థం.

విడిపోతున్నందుకు విచారం, సేవలకు కృతజ్ఞత చెప్పే చివరి వాక్యం లేకపోయినా చదివేవాళ్లు గమనిస్తారు. దాన్ని రాయించుకునే హక్కు మాత్రం లేదని 2012లో తీర్పొచ్చింది. మూడో ర్యాంకు కన్నా మంచిది కావాలంటే, అంత బాగా పనిచేశానని నిరూపించాల్సింది ఉద్యోగే. కాబట్టి మిమ్మల్ని మెచ్చుకునే మేనేజరు మారిపోతున్నప్పుడే మధ్యంతర పత్రం తీసుకోండి. ముగింపు ఒప్పందం మీద బేరం జరిగితే, ఏ ర్యాంకు పత్రం ఇస్తారో అందులోనే రాయించండి. పరిహారంలో 1,000 యూరోలు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, చెడ్డ పత్రం మాత్రం ప్రతి దరఖాస్తుతోనూ వెంట వస్తుంది.

ఉద్యోగం పోతే వీసా?

అన్నిటికన్నా ఎక్కువ భయం ఇక్కడే. ఈ భయంతోనే తప్పుడు కాగితాల మీద సంతకాలు పడతాయి. ఉన్నత విద్యావంతులైన విదేశీ ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డో, నైపుణ్య ఉద్యోగుల అనుమతో ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయిన మరుక్షణం అది రద్దవదు. ఉద్యోగం ముందుగా ముగిసిందని తెలిసిన 2 వారాల్లోపు విదేశీయుల కార్యాలయానికి ఉద్యోగి చెప్పాలి, యజమాని 4 వారాల్లోపు చెప్పాలి. ఆ తర్వాత కార్యాలయం అనుమతి కాలాన్ని తగ్గించవచ్చు, సాధారణంగా వేరే పని వెతుక్కోవడానికి కొంత గడువిస్తుంది. అందుకే నోటీసు కాలంలోని ప్రతి వారానికీ విలువుంది. రేపటి నుంచే వెళ్లిపోండి, ఒక నెల జీతం ఎక్కువిస్తాం అనే ప్రతిపాదనను ఈ కోణంలోనూ చూడాలి. నిరుద్యోగ బీమా తీసుకుంటే వీసాకు దెబ్బ అనుకుని వదులుకునేవాళ్లున్నారు. అది ప్రభుత్వ దానం కాదు, మీ జీతంలోంచి నెలనెలా కోసిన చందాకు దక్కే ఫలం.

విదేశాల నుంచి నియమించుకున్న ఉద్యోగులకు, ఉచిత సలహా ఎక్కడ దొరుకుతుందో మొదటి రోజుకల్లా రాతపూర్వకంగా చెప్పాలన్న బాధ్యత 2026 జనవరి 1 నుంచి యజమానుల మీద పడింది. ఫేరె ఇంటెగ్రత్సియోన్ అనే ఆ సలహా కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి, జర్మన్ కాక ఇతర భాషల్లోనూ మాట్లాడతాయి. కార్మిక సంఘంలో చేరితే న్యాయసాయం కూడా వస్తుంది, కానీ సాధారణంగా చేరిన 3 నెలల తర్వాతే. లీగల్ ఇన్సూరెన్సులకూ అలాంటి నిరీక్షణే ఉంటుంది. ఉత్తరం వచ్చాక తీసుకుంటే ఆ ఉత్తరానికి పనికిరావు.

ఇవేవీ లేకపోయినా, లాయరుకు డబ్బు లేకపోయినా దారి మూసుకుపోదు. మొదటి దశలో లాయరు తప్పనిసరి కాదు. గెలిచినా ఓడినా ఆ దశలో ఎవరి లాయరు ఖర్చు వారిదే, కాబట్టి కంపెనీ లాయరు బిల్లు నెత్తిన పడుతుందన్న భయం అక్కర్లేదు. దావా వేయడానికి ముందుగా కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు, కేసు రాజీతో ముగిస్తే ఆ ఫీజే ఉండదు. కార్మిక న్యాయస్థానాల్లో దరఖాస్తులు రాసుకునే కౌంటరు ఒకటి ఉంటుంది. తొలగింపు ఉత్తరం, కాంట్రాక్టు, ఈమధ్య జీతం చీటీలు, గుర్తింపు పత్రం పట్టుకెళ్తే అక్కడి ఉద్యోగి మీరు చెప్పింది దావాగా రాసి నమోదు చేస్తారు. జర్మన్ రాకపోతే వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లండి, న్యాయస్థానం భాష అదే. ఉత్తరం అందిన తేదీని కవరు మీదే రాసి, ఆ కవరును కూడా వెంట తీసుకెళ్లండి.